స్నానం చేయించే చేతులది ఏ కులం?

రంగస్థలం మీద ఒక స్నానాల గది. చక్రాల కుర్చీలో ఉన్న యువకుడి పేరు జాన్. సెరిబ్రల్ పాల్సీతో పుట్టినవాడు. సంపన్న కుటుంబం, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో పరిశోధన, మాటలో పదును. అతని చొక్కా విప్పి, కుర్చీలోంచి లేపి, షవర్ కింద కూర్చోబెట్టి ఒళ్ళు రుద్దే యువతి పేరు జెస్. వలస వచ్చిన తల్లి కూతురు. ఆమె కూడా ప్రిన్స్‌టన్‌లోనే పట్టా పుచ్చుకుంది. పట్టా చేతిలో ఉన్నా బార్లలో పనిచేస్తూ, ఇతనికి గడ్డం గీసి స్నానం చేయించే పనికి కొత్తగా కుదిరింది. ఒకరికి డబ్బుంది, శరీరం సహకరించదు. మరొకరికి శరీరం సహకరిస్తుంది, తలదాచుకోవడానికి గది లేదు. ఆ ఇద్దరిలో ఎవరు పైన ఉన్నారో, ఎవరు కింద ఉన్నారో ప్రేక్షకుడు తేల్చుకోలేడు.

ఇది ‘కాస్ట్ ఆఫ్ లివింగ్’ నాటకంలోని దృశ్యం. రచయిత్రి మార్టీనా మాయోక్ పోలండ్‌లో పుట్టి, అమెరికాలోని న్యూజెర్సీలో శ్రామికుల మధ్య పెరిగారు. 2016లో విలియమ్స్‌టౌన్ నాటకోత్సవంలో తొలి ప్రదర్శన జరిగిన ఈ నాటకం 2018లో పులిట్జర్ బహుమతి పొందింది. 2022లో బ్రాడ్వేకి చేరింది. నేను దీన్ని విశ్వవిద్యాలయంలో నా విద్యార్థులతో చదివించాను. మొదటి రోజు బోర్డు మీద నాటకం పేరు తెలుగు లిపిలో రాశాను. వెనక వరుసలోంచి ఒక విద్యార్థిని, ఇది కులం గురించిన నాటకమా సార్ అని అడిగింది. తరగతి నవ్వింది. ఇంగ్లీషులో ఖరీదుకూ కులానికీ వేర్వేరు మాటలున్నాయి. తెలుగులో రెండింటినీ మనం ‘కాస్ట్’ అనే రాస్తాం. ఆ అమ్మాయి పొరపాటున అడిగిన ప్రశ్న సరైన ప్రశ్నేనని నాకు కొద్ది రోజుల్లోనే అర్థమైంది. ఒక మనిషి మరో మనిషి ఒంటిని తాకి బతికించవలసి వచ్చినప్పుడు ఆ స్పర్శకు చెల్లించే మూల్యమెంత, చెల్లించేదెవరు అన్నది ఈ నాటకం వేసే ప్రశ్న. మన దేశంలో దానికి జవాబు వెతికితే ఎదురయ్యేది కులమే.

నాటకంలో రెండు కథలు పక్కపక్కనే నడుస్తాయి. రెండో కథలో ఆనీ అనే స్త్రీ ప్రమాదంలో కాళ్ళూ చేతులూ కదలని స్థితికి చేరింది. ఆమె నుంచి విడిపోయిన భర్త ఎడ్డీ, ఒకప్పుడు లారీ నడిపినవాడు. నర్సు రాని రోజున తానే చూసుకుంటానని వస్తాడు. ఆనీ అతన్ని తిడుతుంది, ఎగతాళి చేస్తుంది, నమ్మదు. చివరకు ఒప్పుకుంటుంది. అతను ఆమెను తొట్టిలో కూర్చోబెట్టి స్నానం చేయిస్తూ, వినిపిస్తున్న సంగీతానికి తగినట్టు ఆమె చేతి మీద పియానో వాయిస్తున్నట్టు వేళ్ళు ఆడిస్తాడు. తర్వాత క్షణకాలం గది బయటకు వెళతాడు. ఆ క్షణంలో ఆమె నీళ్ళలోకి జారిపోతుంది. అరవలేదు, చెయ్యి ఎత్తలేదు. అతను తిరిగి రావడం మీదే ఆమె ప్రాణం ఆధారపడి ఉంది. వస్తాడు, లేవదీస్తాడు. ఆ కొద్ది క్షణాలు చాలు, ఆధారపడటం అంటే ఏమిటో ప్రేక్షకుడి ఒంటికి తెలియడానికి.

ఈ కథలో స్పర్శ జీతానికి లొంగనిది. జాన్, జెస్‌ల మధ్య స్పర్శ జీతంతో మొదలవుతుంది. రోజూ జరిగే స్నానం వాళ్ళ మధ్య మాటలను పెంచుతుంది. ఒకరి చదువును ఒకరు గుర్తిస్తారు, ఒకరి చమత్కారానికి ఒకరు నవ్వుతారు. ఒకరోజు జాన్ ఆమెను శుక్రవారం రాత్రి రమ్మంటాడు. ఆమె మంచి బట్టలు వేసుకుని వస్తుంది. తీరా వచ్చాక తెలుస్తుంది, ఆ రాత్రి అతను కలవబోయేది మరొక యువతినని, ఆ కలయికకు తనను సిద్ధం చేయడానికే జెస్‌ను పిలిచాడని. ఆమె నగ్నతను అతను చూడలేదు. అతని నగ్నతను ఆమె నిత్యం చూస్తూనే ఉంది. అయినా సిగ్గుతో తల దించుకున్నది ఆమె.

వికలాంగుడి పాత్రను జాలికి గురిచేసే నాటకాలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. వికలాంగుడు మరొకరిని అవమానించగలడని, అధికారం చూపగలడని, తన సౌకర్యాన్ని గుర్తించకుండా ఉండగలడని చెప్పే నాటకాలు అరుదు. జాన్‌ను మంచివాడిగా చూపకపోవడం ద్వారా రచయిత్రి అతన్ని పూర్తి మనిషిని చేశారు. అదే సమయంలో ఆమె మరో విషయం తేల్చారు. సౌకర్యం ఒక్క నిచ్చెన మీద ఉండదు. ఒకే మనిషి ఒక నిచ్చెన మీద పై మెట్టునా, మరో నిచ్చెన మీద కింది మెట్టునా ఒకేసారి నిలబడగలడు.

ఈ మాట అమెరికన్ నాటకం చదివి తెలుసుకోవలసిన అవసరం మనకు లేదు. 1929లో చాలీస్‌గావ్‌లో జరిగిన సంఘటనను అంబేద్కర్ ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో రాశారు. అక్కడి అంటరాని కులస్థులు ఆయన్ను ఆ రాత్రికి తమ పేటలో ఉండమని కోరారు. రైల్వే స్టేషన్ నుంచి తీసుకుపోవడానికి టాంగా కావాలి. టాంగావాళ్ళెవరూ అంటరానివాడిని ఎక్కించుకుని బండి తోలడానికి ఒప్పుకోలేదు. చివరకు బండి అద్దెకిస్తాం గానీ తోలం అన్నారు. అనుభవం లేని ఒక పేటవాసి పగ్గాలు పట్టుకున్నాడు. దారిలో బండి అదుపు తప్పింది, అంబేద్కర్ రాళ్ళ మీద పడ్డారు. కాలు విరిగింది. ఆయన అప్పటికే బారిస్టరు. పేద టాంగావాడు ఆ బారిస్టరుకంటే తాను పైవాడినని అనుకోగలిగాడు. చదువు ఒక నిచ్చెన, కులం మరొక నిచ్చెన.

ఈ సంఘటనను మనం కులవివక్షకు ఉదాహరణగా చదువుతాం, అది సరైనదే. వైకల్యం గురించి ఆలోచించేవారు దీన్ని మరొకలా కూడా చదవాలి. ఒక ఎముక విరిగింది. విరిచింది రాయి కావచ్చు, చక్రం కావచ్చు. మూలకారణం మాత్రం ఒక మనిషి పక్కన కూర్చోవడానికి మరో మనిషి నిరాకరించడం. వైకల్యం శరీరంలోనే పుడుతుందని వైద్యం చెబుతుంది. ఎవరి శరీరం ఎక్కడ పనిచేస్తుందో, ఏ బురదలో దిగుతుందో, ఏ ఆసుపత్రికి ఎంత ఆలస్యంగా చేరుతుందో సమాజం నిర్ణయిస్తుంది. 2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో వికలాంగులు 2.21 శాతం, షెడ్యూల్డ్ కులాల్లో 2.45 శాతం. తేడా చిన్నదిగా కనిపించవచ్చు. ఆ చిన్న తేడాలో ఎన్ని వేల శరీరాలున్నాయో లెక్క వేసుకుంటే అది చిన్నది కాదు.

ఇక స్పర్శ. మన గ్రామ వ్యవస్థలో మరొకరి ఒంటిని శుభ్రపరిచే పనులన్నింటికీ కులాలు కేటాయించి పెట్టారు. గడ్డం గీసేది మంగలి. మైల బట్టలు ఉతికేది చాకలి. పురుడు పోసే మంత్రసాని చాలాచోట్ల ఆ కులాల స్త్రీయే. మలమూత్రాలు ఎత్తే పని దళితులది. అంటే మనిషి పుట్టిన క్షణం నుంచి పోయే క్షణం వరకు అతని ఒంటికి అవసరమైన ప్రతి స్పర్శనూ తక్కువ కులాల నుంచే తీసుకున్నాం. తీసుకుని, ఆ స్పర్శ కారణంగానే వాళ్ళను తక్కువ అన్నాం. నేడు పట్టణాల ఆసుపత్రుల్లో ఆయాలుగా, వార్డుబోయ్‌లుగా, ఇళ్ళల్లో వృద్ధులను చూసుకునే అటెండెంట్లుగా ఎవరు పనిచేస్తున్నారో అడిగి చూడండి. ఏజెన్సీ వచ్చింది, యూనిఫాం వచ్చింది. చేతులు ఎక్కువగా అవే.

ఇక్కడ నా సంగతి కొంత చెప్పక తప్పదు. మా నాన్న ఒక ఆసుపత్రిలో రోజుకూలీ మీద వార్డుబోయ్‌గా పనిచేసేవాడు. 1990ల మొదట్లో మా పట్టణంలోని ఒక ప్లీడరుగారికి పక్షవాతం వచ్చింది. కుడి పక్కంతా పడిపోయింది. ఇంట్లో కొడుకులున్నారు, కోడళ్ళున్నారు. ఎత్తి కూర్చోబెట్టడానికి, దొడ్డికి తీసుకుపోవడానికి, గడ్డం గీసి స్నానం చేయించడానికి మనిషి కావాలి. ఆసుపత్రిలో నాన్న పని చూసినవారు నాన్నను కుదిర్చారు. ఎనిమిదేళ్ళు నాన్న ఆయనకు చేతులూ కాళ్ళూ అయ్యాడు.

ఆ గది తలుపు మూసి ఉన్నంతసేపూ ప్లీడరుగారు నాన్నను ‘నాయనా’ అని పిలిచేవారట. తలుపు తెరుచుకుని కొడుకులు వచ్చాక ‘ఒరేయ్’ అనేవారట. నాన్న ఇది ఫిర్యాదుగా చెప్పలేదు. రెండు పిలుపుల మధ్య తేడా ఆయనకు బాగా తెలుసు, రెండూ నిజమేనని కూడా తెలుసు. ప్లీడరుగారు రోజూ నాన్నకు పేపరు చదివి వినిపించేవారు. అసెంబ్లీలో ఏం జరిగిందో విడమరిచి చెప్పేవారు. మీవాడేం చదువుతున్నాడని అడిగి, ఒకరోజు తన పాత ఇంగ్లీషు నిఘంటువు ఇచ్చి పంపారు. నా దగ్గర మొదటి నిఘంటువు అదే. ఈరోజుకీ నా బల్ల మీద ఉంది. ఆ ఇంట్లో నాన్న టీ తాగే గ్లాసు మాత్రం పెరట్లో కుళాయి గట్టు మీద బోర్లించి ఉండేది. తాగి కడిగి మళ్ళీ అక్కడే పెట్టాలి.

ఎనిమిదో ఏట ప్లీడరుగారు పోయారు. కబురు తెలిసి నాన్న పరుగున వెళ్ళాడు. లోపల శవానికి స్నానం చేయిస్తున్నారు. బంధువులు చుట్టూ ఉన్నారు. నాన్నను గేటు దగ్గరే ఆగమన్నారు. ఆ ఒంటికి ఎక్కడ పుండు ఉందో, ఏ పక్కకు తిప్పితే నొప్పో తెలిసిన చేతులు ఆ ఉదయం గేటు ఊచ పట్టుకుని నిలబడ్డాయి. శవానికి నొప్పి ఉండదు నిజమే. నాన్న ఇంటికి వచ్చి, వాళ్ళు ఎడమ పక్క నుంచి ఎత్తారు, అలా ఎత్తకూడదు అని మాత్రం అన్నాడు.

జెస్ మంచి బట్టలు వేసుకుని వచ్చిన శుక్రవారం రాత్రిని తరగతిలో చదివిస్తున్నప్పుడు నాకు ఆ గేటు గుర్తుకొచ్చింది. ప్లీడరుగారి ఆప్యాయత అబద్ధమని నేను అనను. జాన్ నవ్వులు అబద్ధమని రచయిత్రి కూడా అనలేదు. మనిషికి మనిషికి మధ్య నిజమైన దగ్గరితనం పుడుతుంది. అది ఏ గుమ్మం దాకా రావచ్చో మాత్రం ఆ ఇద్దరూ నిర్ణయించరు. దగ్గరితనం ఉన్నంత మాత్రాన సమానత్వం ఉన్నట్టు కాదు. మన సాహిత్యంలో, సినిమాల్లో యజమాని పట్ల సేవకుడి ప్రేమను చూసి కన్నీళ్ళు పెట్టుకునే ప్రేక్షకులు ఈ తేడాను గమనించరు. ప్రేమ ఉందా అన్నది మొదటి ప్రశ్న కాకూడదు. కాదనే హక్కు ఇద్దరికీ ఉందా అన్నది మొదటి ప్రశ్న. ఎడ్డీని ఆనీ కాదనగలిగింది కాబట్టే ఆమె ఒప్పుకోవడానికి విలువ వచ్చింది. మా నాన్న కాదంటే ఆ నెల మా ఇంట్లో బియ్యం ఉండేవి కావు.

వైకల్యాన్ని మన కథలు ఎలా చూశాయో చెప్పడానికి అష్టావక్రుడి కథ చాలు. ఎనిమిది వంకరలతో పుట్టిన ఆ జ్ఞాని జనకుడి కొలువుకు వెళితే సభ నవ్విందట. ఇది పండితుల సభ అనుకున్నాను, చర్మాన్ని చూసి విలువ కట్టే చర్మకారుల సభ అని తెలియలేదు అని ఆయన అన్నాడట. లోకంలో ప్రచారంలో ఉన్న ఈ కథను ఏడో తరగతిలో మా ఉపాధ్యాయుడు ఎంతో ఇష్టంగా చెప్పారు. శరీరాన్ని చూసి మనిషిని అంచనా కట్టకూడదన్నది నీతి. పిల్లలందరూ ఆనందించారు. మా తాత చెప్పులు కుట్టేవాడు. చర్మం చూసి విలువ కట్టగలగడం మా ఇంట్లో విద్య. అది ఆ కథలో తిట్టు ఎలా అయిందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఒక అవమానాన్ని తిప్పికొట్టడానికి మరొక అవమానాన్ని ఆయుధంగా వాడిన కథ అది. వైకల్యం వైపు నిలబడిన మాటలోనే కులం దాగి ఉంది. అవతలి వైపు చూస్తే, కులం మీద పోరాడే మన ఉపన్యాసాల్లో ప్రభుత్వాన్ని ‘గుడ్డిది’ అని, వ్యవస్థను ‘కుంటిది’ అని తిట్టని వక్త ఎవరు? నేనూ అన్నాను. రెండు గాయాలు ఒకదానినొకటి గుర్తించడం ఇంకా నేర్చుకోలేదు.

తెలుగు రంగస్థలం ఈ విషయంలో చేసిన ఆలోచన తక్కువ. కుంటుతూ వచ్చే శకుని, గూనితో వచ్చే మంథర మన ప్రేక్షకులకు చిరపరిచితులు. లోపలి వంకరకు ఒంటి వంకరను గుర్తుగా వాడటం ఒక సంప్రదాయమైంది. హాస్యం కావలసినప్పుడు నత్తి, చెవుడు, మెల్లకన్ను సిద్ధంగా ఉంటాయి. కాళ్ళకూరి నారాయణరావు ‘చింతామణి’ ప్రదర్శనల్లో సుబ్బిశెట్టి రూపాన్నీ కులాన్నీ కలిపి నవ్వించడం మీద ఆర్యవైశ్య సంఘాలు అభ్యంతరం చెప్పాయి. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటక ప్రదర్శనను నిషేధించింది. నిషేధం తప్పా ఒప్పా అన్న చర్చ వేరు. నొచ్చుకున్నామని చెప్పి వినిపించుకోగలగడం కూడా ఒక సౌకర్యమేనని ఆ సందర్భం చూపింది. నత్తిని చూసి సభ నవ్వినప్పుడు నత్తి ఉన్నవాడి తరఫున ఏ సంఘం మంత్రిగారిని కలవలేదు.

మాయోక్ నాటకంలో వికలాంగ పాత్రలను వికలాంగ నటులే ధరించాలన్నది రచయిత్రి పెట్టిన నియమం. జాన్‌గా నటించిన గ్రెగ్ మోజ్‌గలా సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారు. ఆనీగా నటించిన కేటీ సలివన్‌కు పుట్టుకతోనే కాళ్ళ కింది భాగం లేదు. 2012 లండన్ పారాలింపిక్స్‌లో పరుగు పందెంలో పాల్గొన్న క్రీడాకారిణి ఆమె. బ్రాడ్వే ప్రదర్శనలో జెస్ పాత్రను నల్లజాతి నటి కారా యంగ్ ధరించారు. దాంతో సంపన్న శ్వేత యువకుడికి నల్ల యువతి స్నానం చేయించే దృశ్యం అమెరికా చరిత్రనంతటినీ వేదిక మీదికి తెచ్చింది. రచయిత్రి ఒక్క మాట అదనంగా రాయనక్కరలేకపోయింది. ఎవరి శరీరం వేదిక మీద ఉందన్నది నాటకంలో సంభాషణతో సమానమైన అర్థాన్నిస్తుంది.

మన దగ్గర ఆ నియమం పెట్టాలంటే ముందు వేదిక ఎక్కడానికి దారి ఉండాలి. నాకు తెలిసిన ఒక విద్యాసంస్థలో కొన్నేళ్ళ క్రితం విద్యార్థుల నాటకపోటీలు జరిగాయి. పోలియోతో ఊతకర్రల మీద నడిచే ఒక విద్యార్థి మంచి కంఠం ఉన్నవాడు. వేదికకు ఎత్తైన మెట్లు, ర్యాంపు లేదు. ఇద్దరు అటెండర్లు అతన్ని ఎత్తి వేదిక మీద కూర్చోబెట్టారు. సభ చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు నటనకు ముందే మోగాయని ఆ విద్యార్థి తర్వాత నాతో అన్నాడు. అతన్ని ఎత్తిన ఇద్దరి పేర్లు ఎవరూ అడగలేదు. ర్యాంపు ఉంటే అతనికి గౌరవం దక్కేది, వాళ్ళకు విశ్రాంతి దక్కేది. సౌకర్యం కల్పించని సంస్థలు ఆ లోటును కింది ఉద్యోగుల భుజాల మీద పూడుస్తాయి. అడ్డంకులు లేని కట్టడాల కోసం జరిగే పోరాటం వికలాంగులదే అనుకుంటాం. అది మోసే కులాల పోరాటం కూడా.

పేరు దగ్గర కూడా ఈ రెండు చరిత్రలు కలుస్తాయి. నాటకం మొదట్లో ఉద్యోగం కోసం వచ్చిన జెస్, వైకల్యాన్ని నాజూకైన మాటలో చెప్పబోతుంది. జాన్ వెంటనే ఆ మాటను తోసిపుచ్చుతాడు. మన దేశంలో 2015 చివర్లో ప్రధానమంత్రి ‘దివ్యాంగులు’ అన్న పదాన్ని సూచించారు. తర్వాత అది ప్రభుత్వ పరిభాష అయింది. వికలాంగుల హక్కుల సంఘాలు చాలావరకు దాన్ని వ్యతిరేకించాయి. మాకు దివ్యత్వం అక్కరలేదు, హక్కులు కావాలన్నాయి. ‘హరిజన’ అన్న మాటను దళితులు ఎందుకు వదిలేశారో తెలిసినవారికి ఈ అభ్యంతరం కొత్తగా వినిపించదు. పక్కన కూర్చోబెట్టుకోవడం ఇష్టంలేనివారిని దేవుడి పక్కన కూర్చోబెట్టడం మనకు పాత అలవాటు.

ఈ రెండు పోరాటాలు కలవడం అసాధ్యమేమీ కాదని తెలుగు నేల ఇప్పటికే చూపింది. మాదిగ దండోరా ఉద్యమాన్ని నడిపిన మంద కృష్ణ మాదిగ వికలాంగుల హక్కుల పోరాట సమితిని కూడా నిర్మించి పింఛన్ల కోసం వీధుల్లోకి వచ్చారు. తెలంగాణలో వికలాంగుల పింఛను 2023లో 4,016 రూపాయలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి 6,000, పూర్తిగా మంచానికి పరిమితమైనవారికి 15,000. ఇవి దయతో వచ్చినవి కావు, అడిగితే వచ్చినవి. ఆ మంచం పక్కన రాత్రంతా మేలుకునే మనిషి మాత్రం ఈ లెక్కల్లో కనిపించదు. ఎక్కువ ఇళ్ళల్లో ఆ మనిషి తల్లి, భార్య, కూతురు. స్తోమతున్న ఇళ్ళల్లో మరొకరి తల్లి, మరొకరి కూతురు. అధిక సహాయం అవసరమైనవారికి సంరక్షకుల భత్యం ఉండాలన్న మాట 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉంది. చట్టంలో ఉన్న ఆ మాటను జీవితంలోకి తేవడానికి రెండు ఉద్యమాలూ కలిసి అడగవలసి ఉంది.

న్యాయస్థానం కూడా ఈ కలయికను గుర్తించింది. 2021 ఏప్రిల్‌లో, ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒక అత్యాచారం కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. బాధితురాలు పుట్టుకతో చూపులేని షెడ్యూల్డ్ కుల యువతి. కులం, స్త్రీత్వం, వైకల్యం విడివిడి గాయాలు కావని, ఒకే శరీరంలో అవి కలిసి పనిచేస్తాయని ధర్మాసనం వివరంగా రాసింది. నేరస్థుడి యావజ్జీవ శిక్షను సమర్థించింది. అయితే కులం కారణంగానే నేరం జరిగిందన్న సాక్ష్యం చాలదంటూ అట్రాసిటీ చట్టం కింద పడిన శిక్షను తొలగించింది. సూత్రం గుర్తింపు పొందింది, రుజువు చేయడానికి దారి దొరకలేదు. కలిసి ఉన్న గాయాన్ని ఎలా చూపాలో చట్టానికి ఇంకా తెలియదు. చూపగలిగే శక్తి నాటకానికి ఉంది. ఒకే శరీరాన్ని, ఒకే వేదిక మీద, ఒకే వెలుగులో నిలబెట్టగలగడం దాని బలం.

ఈ నాటకం మీద నాకొక అసంతృప్తి ఉంది. ప్రారంభంలోనే, భార్య చనిపోయిన ఎడ్డీ బార్‌లో కూర్చుని ఆమె పాత ఫోన్ నంబరుకు తాను పంపిన సందేశాల గురించి చెబుతాడు. అంటే ఆనీ బతకదని మనకు ముందే తెలుసు. చివరకు కారులో పడుకుంటున్న జెస్‌ను ఎడ్డీ గమనించి, ఆ చలిరాత్రి తన ఇంటికి రమ్మని పిలుస్తాడు. భయం, సంకోచం, ఒంటరితనం నిండిన ఆ పలకరింపుతో నాటకం ముగింపుకు వస్తుంది. అద్భుతమైన దృశ్యమే. అయితే ఆ వెచ్చదనం దక్కింది నడవగలిగిన ఇద్దరికి. ఆనీ మట్టిలో కలిసింది, జాన్ తన గదిలో మిగిలిపోయాడు. వికలాంగుల శరీరాల మీదుగా నడిచి ఇద్దరు సకలాంగులు ఒకరినొకరు చేరుకున్నారా అని నా విద్యార్థులు అడిగారు. నేను రచయిత్రి తరఫున వాదించాను. ముగింపు జీతం చుట్టూ తిరిగే ఇద్దరు శ్రామికులదని, వాళ్ళకు ఎవరూ ఆశ్రయం ఇవ్వలేదని అన్నాను. వాళ్ళు పూర్తిగా ఒప్పుకోలేదు. వాళ్ళే సరైనవారేమో.

అందుకే ఇలాంటి నాటకం తెలుగులో రావాలని కోరుకుంటున్నాను. అనువాదం చాలదు. ప్రిన్స్‌టన్‌కు బదులు ఏదో ఒక తెలుగు విశ్వవిద్యాలయం పేరు పెడితే సరిపోదు. మన నాటకంలో స్నానాల గదికి అవతల పెరడు ఉంటుంది, పెరట్లో కుళాయి గట్టు మీద ఒక గ్లాసు బోర్లించి ఉంటుంది. జాన్ పాత్రధారి దళితుడై, స్నానం చేయించేవాడు అగ్రకులపు నిరుపేద అయితే ఏం జరుగుతుందో కూడా మన నాటకకర్తలు ఊహించాలి. ఆ ఊహ మనకు అసహజంగా తోస్తే, అంత అసహజం ఎందుకైందని మనల్ని మనం అడగాలి. చాలీస్‌గావ్ టాంగావాడు బండి ఇచ్చి తాను పగ్గాలు పట్టనన్నాడు. మనలో చాలామందిమి ఇప్పటికీ అదే ఒప్పందం మీద బతుకుతున్నాం.

ప్రతి మనిషీ ఏదో ఒకరోజు మరొకరి చేతుల్లోకి చేరతాడు. మొదటి స్నానం మనం చేసుకోలేదు, ఆఖరి స్నానమూ చేసుకోం. మధ్యలో కొన్నేళ్ళు మన ఒంటిని మనమే మోసుకుంటున్నామన్న భ్రమలో తిరుగుతాం. ఆ భ్రమ ఉన్నంతకాలం సేవ చేసే చేతులు తక్కువవిగా కనిపిస్తాయి. మా నాన్నకు ఇప్పుడు డెబ్భై దాటాయి. మోకాళ్ళు లేవనివ్వవు. ఉదయాన్నే స్నానానికి నేనే తీసుకెళతాను. మొదట్లో నాకు ఎలా ఎత్తాలో తెలిసేది కాదు. చంక కింద చెయ్యి వేయాలని, ముందుగా చెప్పి లేపాలని, నీళ్ళ వేడి తన చేతికి కాక అవతలి ఒంటికి సరిపోవాలని ఆయనే నేర్పాడు. ఎనిమిదేళ్ళ విద్య అది. ఏ విశ్వవిద్యాలయమూ దానికి పట్టా ఇవ్వలేదు. ఒకరోజు సబ్బు రాస్తుండగా ఆయన, ప్లీడరుగారికి ఆ రోజు నేనే పోసి ఉంటే బాగుండేది అన్నాడు. ఇన్నేళ్ళలో ఆ గేటు గురించి ఆయన మాట్లాడటం అది రెండోసారి.